ముప్పావు లీటరు

చిట్టినగర్ కొండకి నూట పద్ధెనిమిది మెట్లు.
నేను లెక్కపెట్టలేదు, నా భుజం పెట్టింది.
చెప్పులు కింద సుబ్బాయమ్మ బడ్డీ దగ్గర విడిచి,
ఇరవై లీటర్ల టిన్ను కుడి భుజమ్మీద,
పొద్దున ఐదింటి నుంచి పదింటి దాకా
ముప్పై రెండిళ్ళ దాహం మోస్తాను.
టిన్నుకి పాతిక, మెట్లకి ఇంకో ఐదు.
ఆ ఐదు ఇవ్వడానికి కొందరు
ఇప్పటికీ మొహం అటు తిప్పుకుని లెక్కేస్తారు.

మా ఇల్లు అన్నిటికంటే పైన.
అక్కడ నాన్నకి రోజుకి ముప్పావు లీటరు.
డాక్టరమ్మ చీటీ మీద రాసి
కింద రెండు గీతలు గీసింది.
టీ అందులోనే, మజ్జిగ అందులోనే,
మాత్ర మింగే గుక్కా అందులోనే.
చెల్లి కరుణ హార్లిక్స్ సీసా మీద
గోళ్ళరంగుతో గుర్తు పెట్టింది.
మంగళవారం, శుక్రవారం మెషీను మీద పడుకోబెట్టి
గుర్తు దాటిన నీళ్ళని కిలోల్లో చెప్తారు.

నాన్న రైవస్ కాలవలో మెడలోతున నిలబడి
గుర్రపుడెక్క లాగిన మనిషి.
ఇంటికొస్తే ముందు వాసన వచ్చేది, తర్వాత ఆయన.
ముప్పయ్యేళ్ళు నీళ్ళలో నానిన కాళ్ళు
ఇప్పుడు లోపలి నీళ్ళకి వాచాయి.
వేలితో నొక్కితే గుంటపడి
చాలాసేపు అలాగే చూస్తూ ఉంటుంది.

మే నెల. రాత్రి పన్నెండైనా కొండరాయి చల్లారదు.
నాన్న తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటాడు,
అద్దుకుంటున్నాడో పీలుస్తున్నాడో
చూడనట్టు చూస్తాను.
బిందె మూత మీద రుబ్బురాయి పెట్టింది నేనే.
"తండ్రికి గుక్కెడు నీళ్ళు పొయ్యని ముండాకొడుకు" అని
ఓరోజు గోడ అవతలికి వినపడేలా తిట్టాడు.
మర్నాటి నుంచి పక్కింటివాళ్ళు
మా టిన్ను మానేశారు.

అన్నయ్యది ఆటోనగర్‌లో టైర్ల పని.
ఆదివారం చర్చి అయ్యాక వస్తాడు,
కవర్లో చెరుకురసం కట్టించుకుని.
"పాపం, ఒక్కపూటేగా" అంటాడు.
ఆ పూటంతా వాడు కొడుకు, నేను జైలు సెంట్రీ.
మొన్న వాడు దిగి వెళ్ళిన నాలుగు గంటలకి
నాన్న రొమ్ములో ఉడుకుతున్నట్టు చప్పుడు.
పడుకోలేడు. కూర్చోలేడు.
అన్నయ్య ఫోను మోగి మోగి ఆగింది.

సెల్ లైటు పట్టుకుని కరుణ ముందు,
నా వీపు మీద నాన్న.
రెండు టిన్నులంత, కాదు, మూడు.
పైగా టిన్ను మాట్లాడదు.
"బరువైతే చెప్పు రత్నం, నడుస్తాలే" అన్నాడు
నిలబడనే లేనివాడు.
అరవయ్యో మెట్టు మీద కూర్చున్నాను.
ఊపిరి కోసమే.
ఊపిరి కోసమేనా అని అడగొద్దు.
కరుణ కిందనుంచి లైటు
నా మొహం మీదికి తిప్పింది.
ఏమీ అనలేదు.
లేచాను.

నాలుగో రోజు మళ్ళీ అవే మెట్లు, పైకి.

ఇంకో సంగతి, ఎవరికీ చెప్పలేదు.
రెండేళ్ళుగా ఇంట్లో నీళ్ళు తాగను.
బయట మెట్టు మీదే తాగేసి
మూతి తుడుచుకుని తలుపు తోస్తాను.
నిన్న మధ్యాహ్నం అలాగే తోశాను.
నాన్న మంచం మీంచి చూసి,
"గడ్డం కింద చుక్కుందిరా" అన్నాడు.
చెయ్యెత్తితే వద్దన్నాడు.
"రేపట్నించి లోపల తాగు. నాకు కనపడేలా.
రేపెందుకు, ఇప్పుడే. నిదానంగా."

రుబ్బురాయి దించి
చెంబు నిండా ముంచాను.
నేను గుటకేసినప్పుడల్లా
ఆయన గొంతులో ముడి కిందికి, పైకి.
సగంలో ఆగాను.

"ఊఁ, కానీ" అన్నాడు.